చర్చి చరిత్ర రాసే కుర్రవాళ్లకు: పడమటి ప్రకాశం నుంచి అనుభవ పాఠాలు

ఈ మధ్య మా వైపు సంఘాలు ఒకదాని తర్వాత ఒకటి నూరేళ్ల పండుగలు, నూట పాతికేళ్ల పండుగలు చేసుకుంటున్నాయి. పండుగ అంటే ఒక సావనీరు ఉండాలి, సావనీరు అంటే అందులో నాలుగు పేజీల సంఘ చరిత్ర ఉండాలి. ఆ నాలుగు పేజీల పని కంప్యూటరు తెలిసిన కుర్రాడెవరి మీదనో పడుతుంది. వాడు ముందు ఫోన్లో వెతుకుతాడు, దొరక్కపోతే నాలాంటి ముసలాళ్ల అరుగు ఎక్కుతాడు. నేను మిషన్ బడిలో పంతులుగా చేశాను. సంఘ కార్యదర్శిగా చాన్నాళ్లు మినిట్స్ రాశాను. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రకరకాల మరమ్మతు కమిటీల్లో కూర్చుని టీలు తాగాను. చరిత్ర రాయడం ఒక పని, కట్టడం కాపాడటం ఇంకో పని, స్థలం కాగితాలు చూసుకోవడం మరో పని అని అందరూ విడదీసి మాట్లాడతారు. నేను చూసినంతలో మూడూ ఒకటే పని. ఒకటి వదిలేసిన సంఘం మిగతా రెండూ పోగొట్టుకుంది.

1. ఏ మిషనో ముందు తేల్చుకోండి

మొన్నొక మనవడి వరస కుర్రాడు వచ్చి, "తాతయ్యా, మన మెథడిస్టు చర్చి ఎప్పుడు కట్టారు?" అన్నాడు. మార్కాపురం దగ్గర పుట్టి పెరిగినవాడే. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ అక్కడ మెథడిస్టు చర్చికి పోతున్నాడు. పాత మిషన్ కట్టడాలన్నీ వాడి కంటికి ఒకే మిషన్‌విగా కనపడ్డాయి.

తెలుగు నేల మీద మెథడిస్టుల పని ఎక్కువగా నిజాం రాజ్యంలో సాగింది. మెదక్ చుట్టుపక్కల ఇంగ్లాండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు, హైదరాబాదు, వికారాబాదు, బీదరు వైపు అమెరికా మెథడిస్టులు. మన వైపు కథ వేరు. మార్కాపురం, కంభం, పొదిలి, కనిగిరి, దొనకొండ ఇవన్నీ అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ స్టేషన్లు. నెల్లూరులో మొదలై, ఒంగోలులో పెరిగి, పడమటికి పాకిన మిషన్ అది. కంభం దాటి గిద్దలూరు, నంద్యాల వైపు పోతే ఇంగ్లాండు ఎస్.పి.జి. వాళ్లు, అంటే ఆంగ్లికన్లు. మిషన్లు ఒకరి తాలూకాలోకి ఒకరు రాకూడదని తమలో తాము ఒప్పందాలు చేసుకునేవి. మీ తాతముత్తాతలు ఏ సంఘంలో చేరారన్నది చాలాచోట్ల వాళ్లు ఏ తాలూకాలో కాపురమున్నారన్న దాన్ని బట్టే తేలిపోయింది. సిద్ధాంతం చూసి ఎంచుకున్నవాళ్లు తక్కువ.

కాగితం లేకపోతే కట్టడాన్ని అడగండి. లోపలికి అడుగుపెట్టగానే తలుపు దగ్గర రాతి తొట్టి ఉండి, తూర్పు గోడకు బల్లపీఠం ఉంటే అది ఆంగ్లికన్ల పద్ధతి. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు కాబట్టి తొట్టి చిన్నదే సరిపోతుంది. ప్రసంగ వేదిక నట్టనడుమ ఉండి, దాని ముందు ప్రభు భోజనపు బల్ల ఉండి, మనిషి మునిగేంత నీళ్ల తొట్టి నేల కిందో ఆవరణలోనో ఉంటే బాప్టిస్టులది. అసలు తొట్టే లేకపోతే కూడా చాలామటుకు బాప్టిస్టులదే. గుండ్లకమ్మ ఏట్లోనో ఊరి చెరువులోనో బాప్తిస్మం ఇచ్చేవాళ్లు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అదే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు, ఎస్.ఐ.యు.సి. (దక్షిణ ఇండియా ఐక్య సంఘం) వాళ్లు కలిశారు. బాప్టిస్టులు కలవలేదు, అమెరికా మెథడిస్టులూ కలవలేదు. ఆంగ్లికన్లలోనూ నంద్యాల వైపు సంఘాలు చాలావరకు అప్పుడు బయటే ఉండిపోయాయి. 1963లో నంద్యాలకు వేరే బిషపు వచ్చారు. సి.ఎస్.ఐ.లో కలిసింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. కాబట్టి గిద్దలూరు వైపు సంఘం చరిత్రలో "1947లో సి.ఎస్.ఐ. అయ్యాం" అని గుడ్డిగా రాసేయకండి.

2. రాయితో మొదలుపెట్టొద్దు, చెట్టుతో మొదలుపెట్టండి

సావనీర్లన్నీ శంకుస్థాపన తేదీతో మొదలవుతాయి. మా వైపు సంఘాలకు పునాదిరాయి వచ్చేసరికి ఒక తరం గడిచిపోయింది. ఆ తరాన్ని వదిలేస్తే మిగిలేది కట్టడం చరిత్రే, సంఘం చరిత్ర కాదు.

ఒంగోలుకు పడమర నలభై మైళ్ల దూరంలో తాళ్ళకొండపాడు. అక్కడి యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్తుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. వ్యాపారం పని మీద గోదావరి జిల్లాల వైపు తిరుగుతూ అక్కడి మిషనరీల మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర కాపురం ఒంగోలుకు మారింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో క్లౌ పేరయ్య ఊరికి వెళ్లాడు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు సద్ది మూటలు కట్టుకుని వచ్చి చింతతోపులో దిగారు. రోజుల తరబడి అక్కడే తిని, అక్కడే పడుకుని, అడగాల్సినవి అడిగి, చివరకు ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. పడమటి పల్లెల్లో మొదటి మందిరం ఆ చింతతోపే.

ఆ రోజుల్లో చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పటి పిల్లలకు ఇవి మామూలు మాటలుగా వినపడతాయి. వెట్టి చేసే మనిషి ఆదివారం పనికి రానంటే కరణానికీ మునసబుకూ ఎలా ఉంటుంది? జాతరలో డప్పు కొట్టే బాధ్యత ఉన్నవాడు నేను కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? బావి కట్టేశారు, కూలి ఆపేశారు, దొంగతనం కేసులు పెట్టారు. ఒక్కో పల్లె ఈ మూడు నియమాల కోసం ఏం పోగొట్టుకుందో ఆ పల్లె ముసలివాళ్లకు ఇంకా తెలుసు. సావనీరులో రాయాల్సింది అది. ఆనాటి కలెక్టరు పేరు, రిబ్బను కత్తిరించిన దొరసాని పేరు తర్వాత రాసుకోవచ్చు.

చెట్టు తర్వాత వచ్చింది బోద కొట్టం. పగలు పిల్లలకు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారం ఆరాధన అన్నీ అందులోనే. పంతులే బోధకుడు, బోధకుడే పంతులు, వాడికి జీతం మిషన్ కొంత ఇస్తే పల్లె గింజలు కొన్ని ఇచ్చేది. ఈ కొట్టాలు రెండు మూడేళ్లకోసారి కాలిపోయేవి, కొట్టుకుపోయేవి, మళ్లీ కప్పుకునేవాళ్లు. వీటికి ఫలకాలు లేవు. మిషన్ రిపోర్టుల్లో "బడిఇళ్లు ఇన్ని" అనే లెక్కలో మాత్రం ఉంటాయి.

3. కరువు సంగతి దాచొద్దు

కొందరు పెద్దలు నాతో అన్నారు, "1876–78 కరువు గురించి ఎక్కువ రాయొద్దు, కూటి కోసం కలిశారని ఎగతాళి చేస్తారు" అని. నా మాట పూర్తిగా దానికి ఎదురు. మొత్తం రాయండి. లెక్కలతో రాయండి. దాచినప్పుడే ఎగతాళికి బలం వస్తుంది.

కరువు ముదిరినప్పుడు క్లౌ ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులను మేస్త్రీలుగా పెట్టి, అన్ని కులాల వాళ్లకూ పని ఇచ్చి, కూలి చేతిలో పెట్టించాడు. పని చేస్తున్న వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. అందుకు కారణం ఈ ఎగతాళి భయమే. సహాయపు డబ్బు ఆగిపోయాక, ఇక గింజలు ఇవ్వలేమని చెప్పేశాక కూడా జనం కదల్లేదు. అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 1878 జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు. క్లౌ ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశాడు, నీళ్లలో దిగలేదు. ఈ చివరి సంగతి మన సావనీర్లలో తరచూ తారుమారు అవుతుంది. "క్లౌ దొర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చెను" అని రాసేస్తారు. ఇచ్చినవాళ్లు మన మనుషులు. ఆ ఘనతను మనమే ఎత్తి దొర చేతిలో పెడుతున్నాం.

కరువుకూ కట్టడానికీ ఉన్న సంబంధం మెథడిస్టుల దగ్గర ఇంకా బాగా కనపడుతుంది. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన పెద్ద చర్చి మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువు రోజుల్లో జనానికి పని చూపించడం కోసం మొదలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వెడల్పు నూరు అడుగులు, పొడవు రెండు వందలు, గోపురం నూట డెబ్బై అడుగుల పైచిలుకు. సంఘం వాళ్లతో బస్సులో వెళ్లి చూశాను. మా వాళ్లంతా గోపురం కింద నిలబడి తలెత్తి చూసి, "మనకిలాంటిది లేకపాయెనే" అన్నారు. మన కరువు పని కాలువైంది. ఆ కాలువ ఇప్పటికీ ఒంగోలుకు తూర్పున ఉంది, దానికి గోపురం లేదంతే. ఫొటోలకు మెదక్ బాగుంటుందని మాత్రం ఒప్పుకుంటాను.

4. కాంపౌండు వేరు, పాలెం వేరు

1878 తర్వాత ఒంగోలు నుంచి ఇంత దూరం చూసుకోవడం కుదరక మిషన్ కొత్త స్టేషన్లు పెట్టింది. కంభం 1882లో, జాన్ న్యూకోంబ్ దొర అక్కడ చాలా ఏళ్లున్నాడు. కనిగిరి 1892, పొదిలి 1894, మార్కాపురం 1895. ఈలోగా 1890 ప్రాంతంలో గుంటూరు–గుంతకల్లు మీటర్‌గేజి రైలు వచ్చింది. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాని మీదే ఉన్నాయి. అంతకుముందు ఎడ్లబండి మీద వారం పట్టే సామాను రైలు మీద వచ్చేది. కట్టడాల తీరు అప్పటి నుంచే మారింది.

స్టేషన్ అంటే ఊరి బయట కాంపౌండు, అందులో దొర బంగళా, బోర్డింగు బడి, వైద్యశాల ఉంటే అది. సంఘం మాత్రం పాలెంలో ఉండేది. బంగళా ఫొటో దొరికింది కదా అని దాన్నే "మన మొదటి చర్చి" అని అచ్చు వేయకండి. చూశాను, అందుకే చెబుతున్నాను.

5. గోడను చదవడం నేర్చుకోండి

చదువుకున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. తాపీమేస్త్రీలు తీసుకోరు.

మా వైపు భూమిలో పలకరాయి ఉంది. మార్కాపురం పలకలు పట్టుకుని దేశమంతా పిల్లలు ఓనమాలు దిద్దారు. ఆ రాతి పొరలనే పేర్చి మట్టితో కట్టిన గోడలు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. పాత చర్చి గోడ ఎక్కడైనా పెచ్చు ఊడితే లోపల చూడండి. మట్టితో పేర్చిన రాయి అయితే అది పల్లెవాళ్లు సొంతంగా కట్టుకున్నది, చాలావరకు పాతది. గానుగ సున్నంతో కట్టిన గోడ అయితే మిషన్ డబ్బో, గుత్తేదారో వచ్చినట్టు. ఎడ్లతో గానుగ తిప్పించి, ఇసుకా సున్నమూ నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి చేసే ఆ పనికి ఖర్చెక్కువ. ఒకే చర్చిలో కింద నాలుగడుగులు మట్టి, పైన సున్నం కనపడితే, పల్లె మొదలుపెట్టింది, ఆగిపోయింది, తర్వాత ఎక్కడి నుంచో సాయం వచ్చింది అని అర్థం. ఇంత చరిత్ర ఏ రిపోర్టులోనూ ఉండదు.

పైకప్పు దింపేటప్పుడు పెంకులు తిప్పి చూడండి. మంగళూరు పెంకు మీద తయారుచేసిన కంపెనీ ముద్ర ఉంటుంది. ఇక్కడొక జాగ్రత్త. బాసెల్ మిషన్ పెంకుల మీద 1865 అని ఉంటుంది. అది వాళ్ల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. దాన్ని చూసి ఒక సంఘం వాళ్లు "మా చర్చి 1865లో కట్టబడెను" అని బోర్డు రాయించారు. 1865 నాటికి ఈ పడమటి వైపు సంఘమే లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి పోయాయి, ముద్రలూ మారాయి. కాబట్టి పెంకు మీది అంకె కంటే పేరు ఎక్కువ పనికొస్తుంది. అదీ పూర్తి రుజువు కాదు. పాత బంగళా పడగొట్టిన పెంకులు తెచ్చి కొత్త చర్చికి వేయడం మామూలే.

ఇక మరమ్మతు. పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేయొద్దు. ఎన్ని కమిటీల్లో చెప్పానో, ఎన్ని కమిటీలు వినలేదో. రాతి గోడ నేల నుంచి తేమ పీలుస్తుంది. సున్నపు పూతలో నుంచి ఆ తేమ బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే ఆపేస్తుంది. ఉప్పు పేరుకుని మూడు నాలుగు వానాకాలాలకు పూత బుడగలు కట్టి పలకలు పలకలుగా ఊడుతుంది, దాంతోపాటు రాతి ముఖం కూడా లేస్తుంది. అప్పుడు "గోడ పాడైపోయింది, పడగొట్టాల్సిందే" అంటారు. గోడ తనకు తాను పాడవలేదు. సున్నం దొరకడం లేదంటారు. దొరుకుతుంది, మేస్త్రీ దొరకడమే కష్టం. దేవాలయాల మరమ్మతు చేసే మేస్త్రీలకు ఆ పని వచ్చు. పిలిస్తే వస్తారు, చర్చి పనని వెనకాడరు.

పెంకులు తీసేసి రేకులు వేసిన చర్చిల్లో మే నెల ఆరాధనకు ఒక్కసారి వచ్చి కూర్చోండి. రేకుల గురించి ఇంతకంటే చెప్పను.

6. ఫలకం మీద పేరు డబ్బుది

శిలాఫలకం మీద ఇచ్చినవాళ్ల పేరు ఉంటుంది. చేసినవాళ్ల పేరు ఉండదు. రాళ్లు మోసిన కుటుంబాలేవి, సున్నం నూరినవాళ్లెవరు, దూలం నల్లమల నుంచి బండి మీద తెచ్చిందెవరు అని అడగండి. పల్లెలో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పేర్లు సావనీరులో వేస్తే, ఫలకం మీద పేరున్నవాళ్ల మనవలు కూడా ఏమీ అనుకోరు.

7. రిజిస్టరు చదివే పద్ధతి

ఆంగ్లికన్ల బాప్తిస్మపు పుస్తకం, మెథడిస్టులది కూడా, పసిపిల్లలతో మొదలవుతుంది. పుట్టిన తేదీ, తండ్రి, తల్లి, ఊరు, వృత్తి ఉంటాయి. గిద్దలూరు వైపు కుటుంబాలకు అది వంశవృక్షంలా పనికొస్తుంది. బాప్టిస్టుల పుస్తకంలో పెద్దవాళ్లు బాప్తిస్మం పొందిన తేదీయే తప్ప పుట్టిన తేదీ ఉండదు. మార్కాపురం వైపు ఒకాయన తాత 1903లో పుట్టాడని రాశారు. అది బాప్తిస్మపు ఏడాది. అప్పటికే ఆయనకు మీసాలున్నాయి.

ఇంకో చిక్కు పేర్లది. బాప్తిస్మంతో పేరు మారిన మనిషి బడి రిజిస్టరులో పాత పేరుతోనే ఉంటాడు, పొలం కాగితంలో ఇంటిపేరుతో ఉంటాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారినవాళ్లు బి.సి.–సి కిందకు వస్తారు. దీనివల్ల ఎన్నో ఇళ్లలో సంఘం పుస్తకంలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఇంకో పేరు. సెన్సస్ అంకె చూసి "ఇక్కడ క్రైస్తవులు లేరు" అనుకోకండి. అలాగే రిజిస్టరులో దొరికిన ప్రతి పేరునూ సావనీరులో అచ్చేయకండి. బతికున్నవాళ్ల పిల్లల ఉద్యోగాల సంగతి అది. చరిత్ర రాసేవాడి నోరు ఒక్కోచోట మూసుకోవాలి.

పాత పుస్తకాలను జిరాక్సు మెషిన్ మీద బోర్లించి నొక్కొద్దు, కుట్లు తెగిపోతాయి. వరండాలో ఎండ నేరుగా పడనిచోట పెట్టి ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీయండి.

8. ఆడవాళ్లను అడగండి

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద, ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నామే, దాని మీద మోకరించినవాళ్లు ఐదుగురు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. సావనీర్లలో జ్యూయెట్ ఒక్కరే కొండెక్కినట్టు ఉంటుంది.

బైబిలు స్త్రీలని ఉండేవాళ్లు. చదువొచ్చిన వితంతువులు, పంతుళ్ల భార్యలు. మగ బోధకుడు గడప దాటలేని ఇళ్లలోకి వెళ్లి కూర్చుని చదివి వినిపించేవాళ్లు. వాళ్ల జీతాలు మిషన్ లెక్కల్లో ఉన్నాయి, మన సావనీర్లలో లేవు. మా పల్లె చర్చి పాత నేల గచ్చు ఎవరు వేయించారని మగవాళ్లను అడిగితే తలా ఒక పేరు చెప్పారు. ఒక ముసలమ్మను అడిగితే, "మేమే, పిడికెడు బియ్యం తీసిపెట్టి" అంది. వండేముందు రోజూ ఒక గుప్పెడు బియ్యం కుండలో వేసి, నెలకోసారి సంఘానికి ఇచ్చి, వేలం వేసి ఆ డబ్బుతో వేయించారట. కోశాధికారి పుస్తకం తిరగేస్తే నిజంగానే "పిడికెడు బియ్యము" అని ఒక పద్దు ఉంది. మగవాళ్లెవరూ ఆ పద్దు ఎందుకుందో అడగలేదు.

9. స్థలం ఎవరి పేరున ఉంది?

చరిత్ర అడిగినవాళ్లకు నేను కాగితాల సంగతి చెబితే విసుక్కుంటారు. విసుక్కున్నా చెబుతాను.

మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీకి ఇదే తలనొప్పి వచ్చింది. 1739లో బ్రిస్టల్‌లో మొదటి మందిరం కట్టినప్పటి నుంచి, ఊరూరా కట్టిన ప్రసంగశాలలు ఎవరివి, ట్రస్టీలు తిరగబడితే ఏం చేయాలి అని. 1763లో ఆయన అన్ని మందిరాలకూ ఒకే నమూనా దస్తావేజు తయారుచేయించాడు. 1784లో ఇంకో ప్రకటన పత్రం కోర్టులో దాఖలు చేయించాడు. తాను పోయాక ఆ మందిరాల్లో ఎవరు ప్రసంగించాలో నియమించే అధికారం పేర్లు రాసిన నూరుమంది బోధకుల సభకు దక్కేలా చేశాడు. పాటలు రాసే తమ్ముడూ, పల్లెపల్లె తిరిగే గుర్రమూ ఉన్న మనిషి దస్తావేజుల మీద కూడా అంత కాలం పెట్టాడు. మన సంఘాల్లో "ఆత్మీయులు" కాగితాల జోలికి పోరు.

బాప్టిస్టులకు అలాంటి ఒకే నమూనా లేదు, ప్రతి సంఘమూ స్వతంత్రమనే పద్ధతి. కాంపౌండులు మిషన్ సొసైటీ పేరున, పల్లె చర్చిలు కొన్ని పంతుళ్ల పేరున, కొన్ని స్థలమిచ్చిన రైతు పేరున, కొన్ని ఎవరి పేరునా లేక గ్రామకంఠంలో. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి మిషనరీలు పని అప్పగించి వెళ్లాక, ఆస్తుల మీద తగాదాలు కోర్టులకెక్కాయి. అందులో ఎవరిది న్యాయమో నేను చెప్పను. రెండు వైపులా నాకు చుట్టాలున్నారు.

చేయాల్సింది మాత్రం చెబుతాను. మార్కాపురం, గిద్దలూరు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్నాయి. ప్రకాశం అనే పేరు వచ్చింది 1972లో. కాబట్టి ప్రభుత్వం స్థలమిచ్చిన పాత ఫైళ్ల కోసం ఒంగోలులో తిరిగి తిరిగి "లేవు" అనిపించుకుని రావొద్దు, కర్నూలులో అడగండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, తీయించండి. సర్వే నంబరుకు ఎఫ్.ఎం.బి. (కొలతల పటం) నకలు తీసుకుని, టేపు పట్టి గోడ నుంచి గోడకు కొలిచి సరిచూడండి. రీసర్వే జరిగిన ఊళ్లలో కొత్త నంబరు పక్కన పాత నంబరు రాసిపెట్టండి. మా వైపు ఒక చర్చి ఆవరణలో మూడు సెంట్లు రోడ్డులో కలిసిపోయిన సంగతి, సావనీరుకు పటం గీయబోతేనే బయటపడింది.

10. పడగొట్టాలనుకుంటే

పాతదంతా నిలబెట్టాలని నేననను. జనం పెరిగారు, కొట్టంత చర్చిలో సగం మంది బయట నిలబడుతున్నారు, పిల్లలు ఫ్యాన్లు అడుగుతున్నారు. పల్లెవాళ్లు స్లాబు చర్చి కావాలనడం వాళ్ల హక్కు. పట్నం నుంచి వచ్చి ఫొటోలు తీసుకుని "అయ్యో, వారసత్వ కట్టడం" అని వెళ్లిపోయేవాళ్లు వానలో గొడుగు పట్టుకుని ప్రసంగం వినలేదు.

కానీ పడగొట్టే ముందు ఐదు పనులు చేయండి. పొడవు, వెడల్పు, గోడ మందం, కిటికీల ఎత్తు కొలిచి పటం గీయించండి. పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఒక పూటలో చేసిపెడతారు. ఎనిమిది దిక్కుల నుంచీ, లోపల దూలాలకూ ఫొటోలు తీయండి. ఫలకాన్ని గడ్డపారతో పెకలించకుండా చుట్టూ ఉలితో తీయించండి, పలకరాయి అడ్డంగా చీలుతుంది. పునాది రాయి కింద ఏదైనా పెట్టి ఉంటే, చాలాచోట్ల నాణేలూ ఆనాటి పత్రికా పెడతారు, సంఘ పెద్దలు నలుగురి ముందు తెరిచి మినిట్స్‌లో రాయండి. టేకు దూలాలు కాంట్రాక్టరుకు తరుగులో పోతాయి. ముందే కొలత వేసి, కొత్త చర్చి తలుపులకు వాడతామని టెండరు కాగితంలోనే రాయించండి. ఒకసారి సంతకమయ్యాక ఆ దూలాలు ఎటు పోయాయో కమిటీలో ఎవరికీ గుర్తుండదు.